రిటైరయ్యాక సొంతూరా, రాజమండ్రా: తేల్చుకోవడం ఎలా?

ఉద్యోగ విరమణకు ఏడాది ముందు నుంచే గోదావరి జిల్లాల వాళ్ల ఇళ్లలో ఈ చర్చ మొదలవుతుంది. హైదరాబాదులోనో విశాఖలోనో ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసిన ఆయన, కోనసీమలోని సొంతూరికి వెళ్లి తాతగారి పెంకుటిల్లు బాగు చేయించుకుందామంటారు. ఆవిడ మాత్రం రాజమండ్రిలో ఆసుపత్రికీ బజారుకీ దగ్గరగా రెండు పడకగదుల ఫ్లాటు చాలంటారు. పిల్లలు ఫోనులో ‘మీ ఇష్టం నాన్నా’ అని ఊరుకుంటారు. నెలలు గడుస్తాయి. చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాట నెగ్గుతుంది. లేదా ఎవరో మంచి బేరం ఉందన్నారని అడ్వాన్సు ఇచ్చేసి వస్తారు.

మంచి రోజున ఏ ఊరైనా బాగానే ఉంటుంది. సంక్రాంతికి నాలుగు రోజులు వెళ్లి, పిండివంటలు తిని, కాలువ గట్టున నడిచి వచ్చిన మనిషికి పల్లెలో లోటేమీ కనబడదు. అందుకే నా సలహా ఒక్కటే. ఆ ఇంట్లో మీకు రాబోయే చెడ్డ రోజును ముందుగా ఊహించుకుని, దాన్ని బట్టి ఊరు ఎంచుకోండి. జ్వరం వచ్చిన రోజు, వరద వచ్చిన రోజు, ఇద్దరిలో ఒకరే మిగిలిన రోజు. నాకు బాగా తెలిసింది కోనసీమ, రాజమండ్రి కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఇస్తున్నాను. మీది మరో జిల్లా అయితే పేర్లు మార్చుకోండి, పద్ధతి అదే.

అడుగు 1: ఇద్దరూ విడివిడిగా రాయండి

భార్యాభర్తలిద్దరూ చెరో కాగితం తీసుకుని, వేర్వేరు గదుల్లో కూర్చుని, ఒక మామూలు మంగళవారం ఎలా గడవాలనుకుంటున్నారో రాయండి. పండగ రోజు వద్దు, పిల్లలు వచ్చిన రోజూ వద్దు. పొద్దున పాలు ఎవరు తెస్తారు, పదకొండు గంటలకు ఎక్కడ ఉంటారు, వంట ఎవరిది, సాయంత్రం ఎవరితో మాట్లాడతారు, రాత్రి నిద్ర పట్టకపోతే ఏం చేస్తారు, అన్నీ రాయండి.

నవ్వులాటగా అనిపించినా అసలు తేడా ఇక్కడే బయటపడుతుంది. చాలామంది మగవాళ్ల కాగితంలో పల్లె అంటే అరుగు మీద పేపరు, కొబ్బరితోటలో నడక, సాయంత్రం నలుగురితో కబుర్లు. ఆడవాళ్ల కాగితంలో అదే పల్లె అంటే రోజూ ఊడ్చి నీళ్లు చల్లాల్సిన వాకిలి, నాలుగు గదుల బూజు, రాలిన కొబ్బరి మట్టలు, చెప్పకుండా వచ్చేవాళ్లకు కాఫీలు. పెద్దింటి అందం ఒకరికి, చాకిరీ ఇంకొకరికి. పట్నంలో పనిమనిషి మానేస్తే అదే వీధిలో మరొకరు దొరుకుతారు. కోనసీమ ఊళ్లలో ఇప్పుడు ఇంటిపనికి మనిషి దొరకడం గగనం. చేయగలిగినవాళ్లు రొయ్యల చెరువుల పనులకో, గల్ఫ్ దేశాలకో వెళ్లిపోతున్నారు.

ఇంటి చాకిరీ ఎవరి మీద పడుతుందో వాళ్ల ఓటు రెండు ఓట్ల కింద లెక్క వేయండి. ఇది న్యాయం కాదనుకునే మగవాళ్లు ముందుగా ఓ నెల వాకిలి ఊడ్చి చూడవచ్చు.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఉన్న విషయాల కింద గీత గీయండి. గుడి, వాకింగు, పాత స్నేహితులు, గ్రంథాలయం, మొక్కలు, సంగీతం ఇలా ఏవో ఓ అయిదారు తేలతాయి. ఇక నుంచి చూసే ప్రతి ఇంటినీ ఆ అయిదారుతోనే తూచండి.

అడుగు 2: ఆసుపత్రిని నిమిషాల్లో కొలవండి

అరవై దాటాక ఇల్లు ఎంచుకోవడమంటే సగం ఆసుపత్రిని ఎంచుకోవడమే. గుండెనొప్పికి తొలి గంట ఎంత విలువైనదో అందరికీ తెలుసు. పక్షవాతం సంగతే అంతగా తెలియదు. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతానికి, గడ్డను కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి, అదీ స్కానింగు తీశాకే. అంటే పేరుకు దగ్గరలో ఆసుపత్రి ఉంటే చాలదు. అర్ధరాత్రి కూడా సీటీ స్కాన్ తీసి, ఆ మందు ఇవ్వగల ఆసుపత్రి ఎంతసేపట్లో చేరతామన్నదే లెక్క. ఆ ఆసుపత్రికి ఫోను చేసి, రాత్రిపూట స్కానింగు ఉంటుందా, మీ ఆరోగ్య కార్డు లేదా బీమా అక్కడ చెల్లుతుందా అని ముందే అడిగి పెట్టుకోండి.

తర్వాత ఒక రాత్రి పదకొండు గంటలకు, మీరు చూసిన ఇంటి గుమ్మం నుంచి ఆ ఆసుపత్రి గుమ్మం దాకా నిజంగానే ప్రయాణం చేయండి. అమలాపురం నుంచి రాజమండ్రి అరవై కిలోమీటర్ల పైనే ఉంటుంది. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి ఎక్కేదాకా చాలావరకు కాలువ గట్ల రోడ్లే. లోపలి ఊళ్ల వాళ్లకు అమలాపురం చేరడమే మొదటి ప్రయాణం. అమలాపురానికి ఇంకా రైలు లేదు, కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం పనులు ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి. మీ దారిలో రైల్వే గేటుగానీ, ఒంటి వరుస వంతెనగానీ, గోదావరి పాయ దాటించే పంటు (బల్లకట్టు) గానీ ఉంటే దాన్ని ప్రత్యేకంగా రాసుకోండి. పంటు రాత్రిపూట నడవదు, వరదలో అసలే నడవదు.

ఇక సందు. 108 అంబులెన్సు సేవ 2005లో మొదలైన నాటి నుంచి పల్లెల్లో ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. ఫోను చేస్తే ఊరికి వస్తుంది, సరే. మీ సందులోకి వస్తుందా? టేపు తీసుకుని సందు బాగా ఇరుకైన చోట కొలవండి. కరెంటు స్తంభం, పక్కింటి వాళ్లు ముందుకు తెచ్చిన మెట్లు, రోడ్డు పక్కన కట్టేసిన గేదె పోను ఎంత వెడల్పు మిగిలిందో చూడండి. బండి రాలేకపోతే మనిషిని మంచం మీద రోడ్డు దాకా మోయడానికి నలుగురు కావాలి. ఆ నలుగురి పేర్లు ఇప్పుడు కాగితం మీద రాయగలరా? వయసులో ఉన్నవాళ్లంతా చదువులకీ ఉద్యోగాలకీ బయటికి వెళ్లిపోయిన ఊళ్లో మూడో పేరు దగ్గరే కలం ఆగిపోతుంది.

ఫ్లాటు కొనేవాళ్లు కూడా ఈ పరీక్ష తప్పించుకోలేరు. పాత అపార్టుమెంట్లలో నలుగురు ఒదిగి నిలబడే లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు. కరెంటు పోయినప్పుడు లిఫ్టును జనరేటరు నడుపుతుందా, లేక అది కారిడార్‌లో దీపాలకే పరిమితమా? మెట్లు తిరిగే మలుపులో కుర్చీతో సహా మనిషిని దించగలరా? ఇవి చూడకుండా మూడో అంతస్తు గాలి బాగుందని మురిసిపోకండి.

రోజువారీ వైద్యం విషయంలో పల్లె తీసిపోదు. బీపీ, షుగరు మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరుకుతాయి. అక్కడి నర్సుకు మీ ఇంటిపేరుతో సహా తెలిసిపోతుంది. ఆ కేంద్రానికి వెళ్లినప్పుడు పాముకాటు మందు నిల్వ ఉందా, రాత్రి ఎవరుంటారు అని మొహమాటపడకుండా అడగండి. ఒక్క మాట మాత్రం కచ్చితంగా చెబుతాను: మీ ఇద్దరిలో ఎవరికైనా డయాలసిస్ నడుస్తున్నా, క్యాన్సర్ చికిత్స సాగుతున్నా, ఇక చర్చ అనవసరం. పట్నం వెళ్లండి. మిగతా అడుగులు పట్నంలో ఏ పేట అన్నది తేల్చుకోవడానికి పనికివస్తాయి.

అడుగు 3: ఊరిని మే నెలలో చూడండి

గోదావరి డెల్టాలో నీటికి తనదైన క్యాలెండరు ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వచ్చే కాలువలను దాళ్వా (రబీ వరి) పంట చేతికొచ్చాక వేసవిలో కట్టేస్తారు, తిరిగి జూన్‌లో వదులుతారు. ఆ మధ్యకాలంలో చాలా ఊళ్లు తాగేది ముందుగా నింపి పెట్టుకున్న మంచినీటి చెరువు నీళ్లే. జనవరిలో నిండుగా పారిన కాలువ మే నెలలో అడుగు బురదతో, తూటికాడతో, విసిరేసిన ప్లాస్టిక్ సంచులతో కనబడుతుంది. ఊరి అసలు ముఖం అదే, దాన్ని చూశాకే మాట ఇవ్వండి.

మే చివరి వారంలో వెళ్లి మంచినీటి చెరువు గట్టు ఎక్కండి. నీళ్లు ఎంత మిగిలాయి, ఏ రంగులో ఉన్నాయి, చుట్టూ కంచె ఉందా, గేదెలు దిగుతున్నాయా, గట్టుకు అవతల రొయ్యల చెరువు ఉందా అన్నవి చూడండి. ఫిల్టరు పడకల్లో ఇసుక ఎప్పుడు మార్చారని పంచాయతీ సిబ్బందిని అడగండి. ఎదురుగా ఉన్న ఇంటివాళ్లు తాగడానికి కుళాయి నీళ్లు పట్టుకుంటున్నారా, డబ్బా నీళ్లు కొంటున్నారా గమనించండి. వాళ్ల గుమ్మంలో ఇరవై లీటర్ల నీలం డబ్బాలు వరుసగా ఉంటే ఇంకెవరినీ అడగనక్కర్లేదు.

సముద్రం వైపు మండలాల్లో, ఆక్వా చెరువులు తవ్విన చోట్ల బోరు నీళ్లు ఉప్పదేలడం మామూలే. మీరు చూసిన ఇంటి బోరు నీళ్లు ఒక లీటరు తెచ్చి స్టీలు గిన్నెలో పూర్తిగా ఇగిరిపోయేదాకా మరిగించండి. అడుగున మిగిలే తెల్లటి పొరను వేలితో గీకి చూడండి. పలుచటి మరక మాత్రమే ఉంటే ఫరవాలేదు. సున్నంలా పేరుకుంటే ఆ నీళ్లు మీ గీజరునీ, కుళాయిలనీ, పప్పు ఉడకడాన్నీ కూడా దెబ్బతీస్తాయి. ఇది ఇంటి పరీక్ష మాత్రమే, కొనేముందు ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. తాగునీటికి భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరులో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది. వేరే దారి లేనప్పుడు 2000 దాకా అనుమతిస్తారు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, గరిష్ఠంగా 1.5.

మీ ఊరు డెల్టాలో లేకపోతే ఈ పరీక్ష ఇంకా ముఖ్యం. నల్గొండ ప్రాంతాన్ని ఫ్లోరైడు ఎంత పీడించిందో తెలుగువాళ్లందరికీ తెలిసిందే. మిషన్ భగీరథ నీళ్లు వస్తున్న ఊళ్లలో కూడా మీ ఇంటి వంటకు ఏ నీళ్లు వాడబోతున్నారో చూసుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎందుకు అంతగా వస్తున్నాయో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. రాయలసీమ ఊళ్లలో అయితే చుట్టుపక్కల బోర్లు ఎన్ని అడుగుల లోతు వెళ్లాయి, వాటిలో ఎన్ని ఎండిపోయాయి అని రైతులనే అడగాలి.

రాజమండ్రి గోదావరి ఒడ్డునే ఉంది కదా, నీటికేం కొదవ అనుకోకండి. కుళాయి ఏ వేళకు వస్తుంది, ఎంతసేపు వస్తుంది, మీ వీధి పైపులైను చివర్లో ఉందా అన్నవి పేటను బట్టి మారిపోతాయి. అపార్టుమెంటులో అయితే ఓనరును వదిలేసి వాచ్‌మన్‌ను అడగండి. ఎండాకాలంలో వారానికి ఎన్ని ట్యాంకర్లు దిగుతాయో దాచకుండా చెప్పేది ఆయనొక్కరే.

అడుగు 4: వరద గీత ఎక్కడుందో అడగండి

ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది జారీ చేస్తారు. 2022 జులైలో అది 25 లక్షలు దాటింది. మీరు చూస్తున్న ఊరి వాళ్లను అడగాల్సిన ప్రశ్న ‘ఇక్కడ వరద వస్తుందా’ అని కాదు. ఎవరైనా రాదనే అంటారు. ‘ఏ హెచ్చరికకు మీ కాజ్‌వే మునుగుతుంది? 1986 వరదలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? 2022లో ఎన్ని రోజులు పడవ మీద తిరిగారు?’ అని అడగండి. పెద్దవాళ్లు లేచి వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ చెయ్యి మీ నడుము కన్నా పైన ఉంటే ఆ ఇల్లు పుస్తకాలకీ, ఫ్రిజ్జుకీ, మోకాళ్ల నొప్పులకీ పనికిరాదు. ఏటిగట్టుకు లోపల, నది వైపు లంకల్లో ఉన్న ఇళ్లకూ, గట్టుకు బయట ఉన్న ఇళ్లకూ భూమ్యాకాశాల తేడా ఉంటుంది. పటంలో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

గాలివాన మరో సంగతి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమలో కొబ్బరిచెట్లను ఎలా పడగొట్టిందో ఆ ఊళ్లు ఇప్పటికీ చెప్పుకుంటాయి. పెంకుటింటిని ఆనుకుని ముదురు కొబ్బరిచెట్లు ఉంటే ఇల్లు కొనేముందే వాటి సంగతి తేల్చుకోవాలి. చెట్టు మీద ప్రేమ ఉన్నా సరే, రెండు నెలలకోసారి దింపు తీసేవాళ్లు, అంటే చెట్టెక్కి కాయలు కోసేవాళ్లు, దొరుకుతారో లేదో చూసుకోండి. తీయని కాయ ఎప్పుడు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

కోనసీమలో ఇంకో ప్రశ్న కూడా తప్పదు: గ్యాస్ పైపులైను ఎటు వెళుతోంది? 1995లో పాశర్లపూడి గ్యాస్ బావిలో రెండు నెలలకు పైగా మంటలు ఎగిశాయి. 2014 జూన్ 27న నగరంలో పైపులైను పేలి ఊరి మధ్యలోనే ప్రాణాలు పోయాయి. ‘నగరం’ అన్నది అక్కడి పల్లె పేరే. పొలాల గట్ల మీద పాతిన హెచ్చరిక రాళ్లు చూసుకుంటూ ఇంటి చుట్టూ ఒక చుట్టు నడిచి రండి.

పట్నంలో వరద కన్నా వాననీటి బెడద ఎక్కువ. రాజమండ్రిలో కంబాలచెరువు లాంటి పల్లపు చోట్ల పెద్ద వాన కురిస్తే రోడ్డు చెరువవుతుంది. ఆగస్టులో బాగా వాన పడిన మర్నాడు వెళ్లి, గోడల అడుగున తడి ఎంతెత్తున ఉందో చూసుకోండి.

అడుగు 5: ప్రశాంతతను చెవులతో పరీక్షించండి

పల్లె అంటే నిశ్శబ్దం అన్నది పట్నంలో కూర్చున్నవాళ్ల ఊహ. తెల్లవారుజామున గుడి మైకు, ధనుర్మాసమంతా ఇంకా ముందే మొదలయ్యే పాటలు, ఆదివారం చర్చి మైకు, వినాయక చవితికి డీజే, పెళ్లికి రాత్రంతా డప్పులు, కోతల కాలంలో అర్ధరాత్రి దాకా యంత్రాలు, రొయ్యల చెరువుల్లో నీళ్లలోకి గాలి ఎక్కించడానికి పగలూ రాత్రీ తిరిగే ఏరేటర్లు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. ఊళ్లో కొత్తగా దిగిన రిటైరైన మాస్టారు ఆ నిబంధన చదివి వినిపిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

కాబట్టి ఇల్లు చూడటానికి పగలు వెళ్లి రావడం చాలదు. రెండు రాత్రులు అక్కడే పడుకోండి, అందులో ఒకటి శనివారం రాత్రి కావాలి. పట్నంలో పాత పేటల లోపలి వీధులు, మెయిన్‌రోడ్డుకు నాలుగిళ్లు లోపలున్నా చాలు, పల్లె నడిబొడ్డు కన్నా ప్రశాంతంగా ఉండటం కద్దు.

అడుగు 6: మిమ్మల్ని ఎవరు పలకరిస్తారో చూడండి

ఇదే అన్నిటికన్నా కష్టమైన అడుగు, చాలామంది దాటేసేదీ ఇదే. మీకు గుర్తున్న ఊరు మీరు పదో తరగతి చదివిన నాటిది. మీ ఈడువాళ్లలో కొందరు పోయారు, కొందరు హైదరాబాదులో పిల్లల దగ్గర ఉన్నారు. ఇప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లకు మీరు ఫలానా వారి అబ్బాయి మాత్రమే. రావిచెట్టు కింద ఒక సాయంత్రం కూర్చోండి. మిమ్మల్ని పేరుతో పిలిచినవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఎంతమందితో మీకు అరగంట మాట్లాడే విషయం ఉంది?

పల్లెలో పలకరింపుకు కొరత ఉండదు. జ్వరమొస్తే జావ వస్తుంది, చావొస్తే పాడె కట్టడానికి మనుషులొస్తారు. పట్నంలో డబ్బు పెట్టినా దొరకని భరోసా అది. దానికి ప్రతిగా ఊరు మీ నుంచి కోరేది కూడా ఉంటుంది. ప్రతి పెళ్లికీ, ప్రతి దినానికీ వెళ్లాలి. గుడి జీర్ణోద్ధరణకూ, జాతరకూ చందా ఇవ్వాలి, అదీ ‘పెన్షను వస్తుంది కదా’ అన్న లెక్కలో. చేబదుళ్లు అడుగుతారు. పంచాయతీ ఎన్నికలొస్తే మీరు ఏ వైపో తేల్చమంటారు. ఎవరికీ చెందకుండా ఉంటానంటే కుదిరేది పట్నంలోనే.

కులం మాట కూడా ఎత్తకపోతే ఈ సలహా సగమే. చాలా ఊళ్లలో ఇప్పటికీ ఏ వీధిలో ఎవరు ఉండాలో రాయని కట్టుబాటు ఉంది. ఊరికి దూరంగా పేటలో పుట్టి, చదువుకుని, ఉద్యోగం చేసి తిరిగి వచ్చిన మనిషికి సొంతూరు అన్న మాట వేరే వాళ్లకు ఉన్నంత తీయగా ఉండకపోవచ్చు. మీ కోడలో అల్లుడో వేరే కులంవాళ్లో, వేరే మతంవాళ్లో అయితే వాళ్లు వచ్చి నాలుగు రోజులు తలెత్తుకుని ఉండగలరా అన్నది ముందే ఆలోచించండి. పట్నంలో ఈ జాడ్యం లేదని కాదు. అద్దె ఇల్లు అడిగినప్పుడు ‘మీరేమిటండీ’ అన్న ప్రశ్న అక్కడా వస్తుంది. కాకపోతే ఆ ఇల్లు కాకపోతే మరో ఇల్లు ఉంటుంది.

ఇద్దరిలో ఒకరు ముందు వెళ్లిపోతే రెండోవారు ఆ ఇంట్లో ఒంటరిగా ఉండగలరా? ఈ ప్రశ్న ఒకరినొకరు అడగడానికి నోరు రాదు. అయినా అడగండి. స్కూటరు నడిపేది ఆయనొక్కరే, బ్యాంకు పని తెలిసింది ఆయనొక్కరే అయితే, ఆయన పోయిన మర్నాటి నుంచి పల్లెలో ఆవిడ ఇంటికే పరిమితమవుతారు. ఊరికి రోజుకు ఎన్ని పల్లెవెలుగు బస్సులు వస్తాయో, ఆఖరి బస్సు ఎన్నింటికో రాసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఈ బస్సులు ఉచితం. కానీ బస్సే రాని ఊళ్లో ఆ ఉచితం దేనికి?

అడుగు 7: కాగితాలు, ఆ తర్వాతే పెంకులు

తాతగారి ఇంటికి మరమ్మతు మొదలుపెట్టే ముందు ఆ ఇల్లు ఎవరిదో తేల్చండి. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్న ఇళ్లు పల్లెల్లో కోకొల్లలు. ఆడపిల్లల వాటా మరిచిపోవద్దు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1986 సవరణతోనే ఇచ్చింది, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. అందరూ కలిసి రిజిస్టరు పంపకాల దస్తావేజు రాసుకోండి, లేదా వదులుకునేవాళ్లు హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేసి ఇవ్వాలి. ‘మా చెల్లి అడగదులెండి’ అన్న నమ్మకం మీద పది లక్షలు పెట్టి స్లాబు వేయకండి. ఆవిడ అడగకపోయినా ఆవిడ పిల్లలు అడగవచ్చు, అడిగితే తప్పు కూడా లేదు.

గ్రామకంఠంలోని, అంటే ఊరి నివాస స్థలంలోని ఇళ్లకు చాలాచోట్ల పాత దస్తావేజులే ఉండవు. 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులు ఇస్తున్నారు. మీ ఊళ్లో ఆ సర్వే ఎంతవరకు వచ్చిందో గ్రామ సచివాలయంలో కనుక్కోండి. కొత్తగా స్థలం కొంటే ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించడంతో ఆగకుండా, అది నిషేధిత భూముల 22ఏ జాబితాలో ఉందేమో చూడండి. ఒకప్పుడు పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే దాని బదిలీపై 1977 చట్టం ఆంక్షలు ఉన్నాయి. చవకగా వస్తోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. విదేశాల్లో స్థిరపడిన పిల్లల పేరు మీద తోట కొందామనుకుంటే ఆగండి. ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమిని వారసత్వంగా పొందవచ్చు గానీ కొనకూడదు.

ఫ్లాటుకైతే స్థలంలో మీకొచ్చే అవిభాజ్య వాటా ఎన్ని గజాలో, ప్లానుకు మించి అంతస్తు వేశారేమో చూడండి. ఆ పైన లాయరు చూసుకుంటారు.

అడుగు 8: ఖర్చు లెక్క

దీని గురించి జనం ఎక్కువగా మాట్లాడతారు గానీ, నిర్ణయం దీని మీద ఆధారపడటం అరుదు. పల్లెలో కూరగాయలు చవక అనేది కూడా పాతమాటే. మీ ఊళ్లో బండి మీద వచ్చే వంకాయలు తెల్లవారుజామున పట్నం మార్కెట్టు నుంచి వచ్చినవే కావచ్చు. ఆస్తిపన్ను, అద్దె పల్లెలో తక్కువ, నిజమే. ఆ మిగులును కారు అద్దెలు, ఇన్వర్టరు, ఇంటి మరమ్మతు, చందాలు కలిసి మింగేస్తాయి. ఒక నెల నిజం ఖర్చు రెండు చోట్లా రాసి చూస్తే తేడా మీరనుకున్నంత ఉండదు.

అడుగు 9: మధ్యలో ఉన్న ఊళ్లను మరిచిపోకండి

నన్ను అడిగితే చాలామందికి సరిపోయేది ఈ రెండూ కాదు. రావులపాలెం, కొత్తపేట, అంబాజీపేట, అమలాపురం, రాజమండ్రిని ఆనుకునే ఉన్న ధవళేశ్వరం, కడియం లాంటి చోట్లు చూడండి. రావులపాలెంలో అర్ధరాత్రి కూడా జాతీయ రహదారి మీద బస్సు దొరుకుతుంది. కడియం నర్సరీల మధ్య మొక్కల పిచ్చి తీర్చుకుంటూనే పట్నం ఆసుపత్రికి కాసేపట్లో చేరవచ్చు. సొంతూరు అరగంట దూరంలో ఉంటుంది. పొద్దున వెళ్లి తోట చూసుకుని, నాలుగు పలకరింపులు ముగించుకుని, సాయంత్రానికి ఇంటికి చేరవచ్చు. చందాల జాబితాలో పేరు ఉంటుంది, పార్టీల జాబితాలో ఉండదు.

అడుగు 10: అద్దెకు ఉండి చూడండి

అన్నీ అయ్యాక కూడా వెంటనే కొనకండి, ఉన్నది అమ్మకండి. ముఖ్యంగా హైదరాబాదు ఫ్లాటు అమ్మి ఆ డబ్బంతా పల్లెలో ఇంటికి పెట్టడం వద్దే వద్దు. పల్లెలో పెద్ద ఇంటికి పెట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం, కొనేవాళ్లు ఉండరు. పదకొండు నెలల అద్దె ఒప్పందం రాసుకుని, మే నెల, వరదల కాలం రెండూ అందులో పడేలా చూసుకుని దిగండి. పల్లెలో అద్దె ఇళ్లు తక్కువ కాబట్టి బంధువుల ఖాళీ ఇల్లు అడగవచ్చు. ఊరికే ఉండకుండా అద్దె ఇవ్వండి, అప్పుడే కుళాయి పాడైతే బాగు చేయించమనే హక్కు ఉంటుంది. ఆ పదకొండు నెలల్లో పిల్లల్ని ఒకసారైనా పండగ కాని రోజున రమ్మనండి. వాళ్ల సెలవులు, మనవల చదువులు, ఇంటర్నెట్ ఎలా కుదురుతాయో అప్పుడు తెలుస్తుంది. పల్లెలకు ఫైబర్ కేబుల్ వచ్చింది గానీ, స్తంభం మీద తీగ తెగితే ఎన్ని రోజులకు వచ్చి కలుపుతారో పక్కింటి కుర్రాణ్ని అడగండి.

నెలకోసారి మొదటి అడుగులో రాసిన కాగితాలు తీసి, మంగళవారం ఎలా గడుస్తోందో ఇద్దరూ సరిచూసుకోండి. ఆరు నెలల తర్వాత కూడా ఒకరి కాగితంలోవి మాత్రమే తీరుతుంటే, ఒప్పందం ముగిసేదాకా ఆగకుండా రెండో చోటు చూడటం మొదలుపెట్టండి.

ఇద్దరికీ కుదిరిందనుకున్నాక కాగితాలు కదిలించండి. ఆధార్‌లో చిరునామా మార్పు, ఓటు మార్పుకు ఫారం 8, గ్యాస్ కనెక్షను బదిలీ, రేషన్ కార్డు, బ్యాంకు శాఖ, పెన్షను చిరునామా ఇవన్నీ ఒకే నెలలో పెట్టుకుంటే తికమక ఉండదు. పెన్షనుదారులు ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రాన్ని ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి ఇంటి నుంచే పంపవచ్చు కాబట్టి, దాని కోసం పట్నంలో ఉండాల్సిన పని లేదు. ఆరోగ్య బీమా కంపెనీకి కొత్త చిరునామా తెలియజేసి, దగ్గరలోని నెట్‌వర్క్ ఆసుపత్రుల జాబితా అడిగి తీసుకోండి. ఆ జాబితాతో పాటు 108, దగ్గరి డాక్టరు, మంచం మోయగల ఆ నలుగురి ఫోన్ నంబర్లూ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్జు తలుపుకు అంటించండి. కొత్త ఇంట్లో సామాను సర్దడం ఆ తర్వాత.